గవరయ్య బుగ్గలో మాంసం ముక్క

చీపురువలసలో తెలివి అనేది ఎక్కడైనా ఉందంటే అది తమ ఇంట్లోనే ఉందని పోలయ్య కుటుంబానికి గట్టి నమ్మకం. ఊళ్ళో మిగతావాళ్ళు ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. పోలయ్య ఇంట్లో అలా కుదరదు. చెప్పింది చెప్పినట్టు, అన్నది అన్నట్టు. "మాటకి విలువిచ్చే ఇల్లు మాది" అని అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెబుతుండేవాడు పోలయ్య.

ఒకసారి ఆసుపత్రిలో నర్సమ్మ ఆయనతో, "ఒళ్ళు బరువెక్కుతోంది బాబూ, రోజూ పొద్దున్నే ఊరి చివరిదాకా నడవండి" అంది. అంతే. మర్నాటి నుంచి పోలయ్య తెల్లారకుండానే లేచి ఊరి చివరిదాకా నడిచేవాడు. నడిచి, అక్కడున్న మైలురాయి మీద కూర్చునేవాడు. తిరిగి రమ్మని నర్సమ్మ చెప్పలేదు గదా. ఎండెక్కాక పెద్దకొడుకు గవరయ్య సైకిలు మీద వెళ్ళి, వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు.

గవరయ్య మాత్రం తక్కువవాడా? ఆ ఇంట్లో వంటా పెత్తనమూ పోలయ్య చెల్లెలు అప్పలకొండవి. ఒకనాడు ఆవిడ, "ఒరే, పాలు పొంగుతాయి, చూస్తుండు" అని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. పాలన్నీ నేల మీద ఉన్నాయి. గవరయ్య రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"పొంగాయత్తా, నువ్వు చెప్పినట్టే. ఒక్క చుక్క కూడా నా కన్ను తప్పి పోలేదు."

అప్పలకొండ వాడి నెత్తి నిమిరింది. చెప్పిన పని చేసినవాణ్ణి ఎవరైనా తిడతారా?

ఇక చిన్నవాడు సింహాచలం. వాడూ ఆ ఇంటి తెలివిగలవాడే. కాకపోతే కొన్నాళ్ళుగా వాడి తెలివి వాడి దగ్గర ఉండటం లేదు. పక్కూరు గుమడవలసలో బంగారినాయుడి కూతురు నీలవేణి దగ్గర ఉంటోంది. జాతరలో రంగులరాట్నం మీద చూశాడు ఆ పిల్లని. రాట్నం తిరిగినంతసేపూ ఆ పిల్ల కనబడటం, పోవటం, మళ్ళీ కనబడటం. రాట్నం ఆగిపోయింది, వీడి తల తిరగడం మాత్రం ఆగలేదు. పొలంలో నీళ్ళు పెడుతూ తలుచుకుంటాడు, మడి మునిగిపోతుంది. అన్నం తింటూ తలుచుకుంటాడు, పళ్ళెం ఖాళీ అయిందని తెలీక పళ్ళేన్నే కలుపుతుంటాడు. తలుచుకున్నప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. దుఃఖమూ కాదు, సంతోషమూ కాదు, ఏదో తియ్యటి బాధ.

చివరికి పోలయ్య నలుగురినీ వెంటబెట్టుకుని... నలుగురంటే తనతో కలిపే... గుమడవలస పెళ్ళిచూపులకి వెళ్ళాడు.

బంగారినాయుడు మర్యాదస్తుడు. గుమ్మంలో ఎదురొచ్చి, "రండి రండి, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు.

ఇంకేముంది. గవరయ్య తిన్నగా లోపలిగదిలోకి వెళ్ళి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. అప్పలకొండ వంటింట్లో దూరి, "ఉప్పు డబ్బా ఇక్కడెవరు పెట్టారు?" అని బంగారినాయుడి పెళ్ళాం మీద కేకలేసింది. పోలయ్య పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని, నిలబడే ఉన్న బంగారినాయుడి వైపు ఆదరంగా చూసి, "మీరెప్పుడొచ్చారు? కాఫీ తాగారా?" అని అడిగాడు.

సింహాచలానికి ఇవేవీ తెలీవు. కాఫీగ్లాసు అందిస్తూ నీలవేణి తల వంచుకునే, మెల్లగా, "నన్ను బాగా చూసుకుంటారా?" అంది.

"చూస్తూనే ఉన్నాను" అన్నాడు వాడు. నిజమే, వచ్చినప్పట్నుంచీ వేరే ఏమీ చూడలేదు.

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. వెంటనే పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, ఆ నవ్వు అప్పటికే బయటికొచ్చేసింది. కాఫీ గవరయ్య తాగాడు.

బంగారినాయుడు మాత్రం ఆలోచనలో పడ్డాడు. కాదని మొహం మీద చెప్పలేడు, ఔననీ అనలేడు. తిండంటే ప్రాణం పెట్టే మనిషి, తప్పించుకునే దారి కూడా అందులోంచే వెతుక్కున్నాడు.

"చూడండి పోలయ్యగారూ, ఎల్లుండి కొత్తపేట నుంచి కరెంటాఫీసు గుమస్తా వాళ్ళు తాంబూలాలు పుచ్చుకోడానికి వస్తామన్నారు. కానీ నాకొక కోరిక మిగిలిపోయింది. చాలాకాలం కిందట రాయవలసలో, ఏ హోటలో గుర్తులేదు, లేత గొర్రెపిల్ల మాంసంలో చింతచిగురు వేసి వండిన కూర తిన్నాను. ముక్క నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. నమిలే పనే లేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయంటే నమ్మండి. తర్వాత ఎంత వెతికినా ఆ హోటలు దొరకలేదు. ఎల్లుండిలోగా ఆ కూర మళ్ళీ నాకు ఎవరు తినిపిస్తే, కళ్ళు మూసుకుని వాడికి పిల్లనిచ్చేస్తాను."

నవ్వుతూ అన్నాడు. వీళ్ళవల్ల కాదులే అని ధీమా. పోలయ్య నవ్వలేదు. లేచి నిలబడి, "మాటేనా?" అన్నాడు. "మాటే" అన్నాడు బంగారినాయుడు.

మర్నాడు పొద్దున్నే నలుగురూ రాయవలస బస్టాండులో దిగారు. పనులు ముందే పంచుకున్నారు. ముక్క కరుగుతుందో లేదో చూసే నోరు గవరయ్యది. నీళ్ళొస్తాయో లేదో చూసే కళ్ళు సింహాచలానివి. కూర తేవడానికి టిఫిన్ కేరియర్ అప్పలకొండ చేతిలో ఉంది. ముందుండి నడిపించడం పోలయ్య పని.

బడ్డీకొట్టు మనిషిని అడిగారు. "చింతచిగురు మాంసమా? ముక్కుసూటిగా వెళ్ళండి, అన్నీ హోటళ్ళే" అన్నాడతను.

అంతే, పోలయ్య బయల్దేరాడు. చిన్నప్పుడు ఆవుదూడ తన్నడంవల్ల పోలయ్య ముక్కు ఎడమవైపుకి వంగి ఉంటుంది. ముక్కు ఎటుంటే అటు నడిచాడు. ఎడమకి తిరిగాడు, మళ్ళీ ఎడమకి తిరిగాడు, ఒక బట్టల దుకాణంలోంచి దూరి వెనకగుమ్మంలోంచి బయటపడ్డాడు, ఇంకోసారి ఎడమకి తిరిగాడు. చూస్తే అదే బస్టాండు, అదే బడ్డీకొట్టు.

"ఈ ఊళ్ళో అన్నీ బస్టాండులే" అంది అప్పలకొండ విసుక్కుంటూ.

"కాదత్తా, నాన్న ముక్కుది తప్పు" అన్నాడు సింహాచలం. ప్రేమలో పడ్డవాడికి అప్పుడప్పుడు ఒక వెలుగు వెలుగుతుంది. గవరయ్య ముక్కు తిన్నగా ఉంటుంది గనక వాణ్ణి ముందు పెట్టారు. రోడ్డు చివర పెద్ద హోటలు కనబడింది.

సర్వరు వచ్చాడు. చింతచిగురు మాంసం ఉందన్నాడు, తెచ్చాడు. గవరయ్య ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ వాడి నోటివైపు చూస్తూ కూర్చున్నారు.

కొంతసేపటికి సర్వరుకి అనుమానం వచ్చింది. "ఏం బాబూ, బాగాలేదా?"

"ఇంకా తెలీదు. కరగాలి" అన్నాడు పోలయ్య.

"నమిలితే గదండీ."

"నమిలే పని లేదన్నారు."

"ఎవరన్నారు?"

"వియ్యంకుడు."

సర్వరు తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఈలోగా సింహాచలానికి, కూరలోని పచ్చటి చిగురు చూస్తుంటే, పెళ్ళిచూపులనాడు నీలవేణి కట్టుకున్న చీర గుర్తొచ్చింది. అదే చిగురుపచ్చ. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి.

"వచ్చాయి, వచ్చాయి" అంది అప్పలకొండ. "ఇదే హోటలు."

"కళ్ళు ఔనంటున్నాయి. నోరింకా ఏమీ అనలేదు" అన్నాడు పోలయ్య న్యాయంగా. "ఒరే గవరా, కరిగిందా?"

"ఉమ్హూ" అన్నాడు గవరయ్య.

"సరే, అలాగే ఉంచు. కరిగినప్పుడు చెబుదువుగాని. ఇంకోటి చూద్దాం."

ఇంకో హోటల్లో రెండో ముక్క. మొదటిది కుడిబుగ్గలో ఉంది గనక దీన్ని ఎడమబుగ్గలో పెట్టుకున్నాడు. అదీ కరగలేదు. ఇప్పుడు వాడి మొహం రెండువైపులా నిండి గుమ్మడికాయలా తయారైంది. సింహాచలం అక్కడా ఏడ్చాడు. దారిలో గాజుల దుకాణం దగ్గర ఏడ్చాడు. సినిమాహాలు దగ్గర ఏడ్చాడు. సైకిలుషాపు ముందు కూడా కళ్ళు తుడుచుకుంటుంటే అప్పలకొండ ఆగిపోయి, "ఇక్కడ కూడా చింతచిగురు మాంసం వండుతారేటి?" అని లోపలికి వెళ్ళి అడిగొచ్చింది. పాపం, ఆ షాపాయన పంచరు వేస్తూ చాలాసేపు ఆవిడవైపే చూశాడు.

"వీడి కళ్ళని నమ్మలేం అన్నయ్యా" అంది బయటికొచ్చి. "ఎక్కడ చూసినా కారుతున్నాయి."

ఎండ నడినెత్తికొచ్చింది. తిరిగి తిరిగి రైసుమిల్లు వెనక సందులోకి వచ్చారు. మిల్లు చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఆ సందు చివర ఒక తాటాకు పాక. బోర్డు లేదు. దాలమ్మ అని ఒక ముసలావిడ కట్టెలపొయ్యి ముందు కూర్చుని కుండలో గరిటె తిప్పుతోంది. ఆ వాసన వచ్చి తగలగానే, మిల్లు చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది సింహాచలానికి.

"రండి బాబూ, కూకోండి. లేత గొర్రెపిల్ల. చిగురు పొద్దున్నే కోసినాను" అంది దాలమ్మ.

గవరయ్య మూడో ముక్కని నాలుక మీద పెట్టుకుని నోరు మూశాడు. మూసీ మూయగానే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "ఉమ్, ఉమ్" అంటూ చేతులు ఊపాడు.

"నోరు తెరు" అన్నాడు పోలయ్య. తెరిచాడు. పోలయ్య వంగి చూశాడు. కుడిబుగ్గలో ఒకటి ఉంది, ఎడమబుగ్గలో ఒకటి ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"మూడోది ఏదమ్మా?" అని దాలమ్మని నిలదీశాడు.

"కరిగిపోనాది నాయనా. మరేటవుద్ది?"

పోలయ్య జాలిగా నవ్వాడు. "మాకు చెప్పకు. మంచుగడ్డ కరిగితే నీళ్ళు కనబడతాయి. వెన్న కరిగితే నెయ్యి కనబడుతుంది. బెల్లం కరిగితే పాకం కనబడుతుంది. మరి ముక్క కరిగితే ఏది, ఏం కనబడుతోంది?"

దాలమ్మ ఇంకో ముక్క పెట్టింది. అదీ మాయమైంది. ఇంకోటి. అదీ అంతే. "ఈవిడ దగ్గర ముక్కలు నిలవవు" అని తేల్చేశాడు పోలయ్య. "సింహాచలం, నీ కళ్ళు ఏమంటున్నాయి?"

సింహాచలం వేలితో కాస్త పులుసు నాకాడు. నాకి, అలాగే ఉండిపోయాడు. పులుపు మెల్లగా నాలుక మీదకి పాకింది, దాని వెనకాలే కారం, ఆ వెనకాల ఏదో కమ్మదనం. పొద్దుట్నుంచీ గుండెలో కూర్చున్న తియ్యటి బాధ లేచి ఎటో వెళ్ళిపోయింది. నీలవేణి గుర్తొచ్చింది, కానీ ఈసారి నవ్వుతూ గుర్తొచ్చింది. వాడూ నవ్వాడు.

కళ్ళు చూశారు. పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.

ఇంకేముంది. నోరూ కాదంది, కళ్ళూ కాదన్నాయి. "పోనీలేమ్మా, బెంగపెట్టుకోకు. వండగా వండగా నీకూ వస్తుంది" అని దాలమ్మకి ధైర్యం చెప్పి, అందరూ మొదటి హోటలుకి తిరిగి వెళ్ళి కేరియర్ నిండా కూర పట్టించుకున్నారు. కళ్ళు మొదట ఔనన్నది అక్కడే గదా. సాయంత్రం బస్సుకి గుమడవలస చేరారు.

బంగారినాయుడు ఆశ్చర్యపోయాడు. ఆశ కూడా పడ్డాడు. విస్తరి వేయించుకుని కూర్చుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలాడు. ఇంకా నమిలాడు. దవడలు రెండూ మార్చి మార్చి నమిలాడు. కదులుతున్న పన్ను ఒకటి కలుక్కుమంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"వచ్చాయి" అన్నాడు పోలయ్య తృప్తిగా. "ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఇది మాంసమా, చెప్పు అట్టా?" అన్నాడు బంగారినాయుడు దవడ పట్టుకుని. "పోలయ్యగారూ, వద్దు. రేపు కొత్తపేటవాళ్ళు వస్తున్నారు. వాళ్ళతోనే ఖాయం చేసుకుంటాను. మీరు ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోవద్దన్నాడు గనక పోలయ్య, గవరయ్య, అప్పలకొండ ఏమీ అనుకోకుండా కూర్చున్నారు. సింహాచలం ఒక్కడే అనుకున్నాడు. అనుకోవద్దనుకున్నా ఆగలేదు. తలుపు వెనకాల చిగురుపచ్చ చీర అంచు కనబడుతోంది. రేపటి నుంచి ఆ అంచు వైపు చూసే హక్కు కూడా ఉండదు. వాడికి ఏడుపు కూడా రాలేదు. తల దించుకున్నాడు, అంతే.

లేచి వెళ్తూ పోలయ్య, మర్యాద కోసం నాలుగు మాటలు చెబుదామని, "ఏం చేస్తాం నాయుడుగారూ, ఊరంతా తిరిగాం. మంచి హోటళ్ళు తగ్గిపోయాయి. ఒకచోటైతే మరీ అన్యాయం. ఒక ముసలావిడ, ముక్క పెడుతుంది, నోట్లో పెట్టుకోగానే మాయం. మళ్ళీ పెడుతుంది, మళ్ళీ మాయం. నమలడానికి ఏమీ మిగల్చదు" అన్నాడు.

బంగారినాయుడు దవడ వదిలేశాడు. "ఏమన్నారు?"

"మాయమండీ. మా గవరయ్య నోరు సాక్షి. వీడి కళ్ళకైతే ఒక్క చుక్క రాలేదు, పైగా నవ్వాడు."

"ఎక్కడ? ఏ వీధి?"

"రైసుమిల్లు వెనక. మాట వినబడి చావదు అక్కడ."

"చప్పుడు" అన్నాడు బంగారినాయుడు నెమ్మదిగా, కలలో మాట్లాడినట్టు. "ఔను. తింటుంటే పక్కన ఒకటే చప్పుడు. అది నా గుండెచప్పుడనుకున్నానయ్యా."

తలుపు వెనకాల నుంచి మళ్ళీ ఆ నవ్వు వినబడింది. సింహాచలం తలెత్తాడు.

మర్నాడు మొదటి బస్సుకే అందరూ బయల్దేరారు. కొత్తపేటవాళ్ళు వస్తారు గదా అని నీలవేణి తల్లి గుర్తుచేస్తే, "రానీ, అరుగు మీద కూర్చుంటారు" అన్నాడు బంగారినాయుడు. నీలవేణి కూడా వస్తానంది. ఎందుకే అంటే, చూడ్డానికి అంది. ఏం చూడ్డానికో చెప్పలేదు.

దాలమ్మ పాకలో బంగారినాయుడు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి, చెంపల మీదుగా నీళ్ళు జారాయి. ఆఖరికి విస్తరి తుడిచేసి, "ఇదే. పోలయ్యగారూ, నా మాట నిలబెట్టుకుంటాను" అన్నాడు.

పోలయ్య లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు. మొహం గంభీరంగా ఉంది.

"మాటంటే మాటే నాయుడుగారూ. తినిపించినవాళ్ళకి పిల్లనిస్తానన్నారు. తినిపించింది దాలమ్మగారు. పిల్ల దాలమ్మగారిది. మా ఇంట్లో పుట్టినవాడెవడూ ఇంకొకరికి దక్కాల్సింది ముట్టడు." గవరయ్య నిండిన బుగ్గలతో ఔనన్నట్టు తలూపాడు. అప్పలకొండ కళ్ళొత్తుకుంటూ దాలమ్మ దగ్గరికెళ్ళి, "జాగ్రత్తగా చూసుకో వదినా" అంది.

"నాకెందుకు తల్లీ పిల్ల?" అని బిత్తరపోయింది దాలమ్మ. కాస్త ఆగి, "గిన్నెలు తోముతానంటే వద్దనను గానీ" అంది.

సింహాచలం దాలమ్మ వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. నాన్న చెప్పింది న్యాయమే. అదే బాధ. అన్యాయమైతే ఎదురు తిరిగుండేవాడు. నీలవేణి వైపు చూశాడు, ఆఖరిసారి అనుకుంటూ. ఆ పిల్ల చేతిలోని విస్తరి పక్కన పెట్టి, "నాన్న ఇంకో ముద్ద తింటాడేమో. మీ చేత్తో పెట్టండి" అంది.

సింహాచలానికి చెప్పిన మాట చెప్పినట్టు చేయడం తప్ప ఇంకేమీ రాదు. ముద్ద కలిపి, ముక్క పెట్టి, బంగారినాయుడి నోట్లో పెట్టాడు. ఆయన మళ్ళీ ఏడ్చాడు. "ఇప్పుడెవరు తినిపించారు?" అని నీలవేణి పోలయ్యని అడిగింది. పోలయ్య ఒకసారి సింహాచలం చేతివైపు, ఒకసారి నాయుడి నోటివైపు చూశాడు. "మావాడే" అన్నాడు చివరికి. "కనబడింది గదా, కళ్ళారా చూశాను."

వాళ్ళు తిరిగొచ్చేసరికి కొత్తపేటవాళ్ళు అరుగు మీద కూర్చుని కూర్చుని లేచి వెళ్ళిపోయారు.

పెళ్ళి గుమడవలసలోనే జరిగింది. వంట దాలమ్మది. కన్యాదానం వేళకి పోలయ్య అడ్డం పడి, "నాయుడుగారూ, కళ్ళు మూసుకుని ఇస్తానన్నారు" అని గుర్తుచేశాడు. వాదించే ఓపిక లేక ఆయన కళ్ళు మూసుకుని, పిల్ల చేతిని తీసుకెళ్ళి పురోహితుడి చేతిలో పెట్టబోయాడు. నీలవేణే తన చేతిని తిప్పి సింహాచలం చేతిలో పెట్టుకుంది.

గవరయ్య తోడపెళ్ళికొడుకు. మొదటి హోటలు ముక్క ఇంకా కుడిబుగ్గలోనే ఉంది. కరిగినప్పుడు చెప్పమన్నాడు నాన్న, అది ఇంకా కరగలేదు. రెండోది ఎడమబుగ్గలో ఉంది.

ఆ తర్వాత పంతులుగారు, "అమ్మాయి చిటికెనవేలు పట్టుకుని నడువు నాయనా" అన్నారు. ఎన్ని అడుగులో ఆయన మంత్రంలో చెప్పారు. సింహాచలానికి మంత్రాలు రావు. వేలు పట్టుకుని, నీలవేణి వైపు చూస్తూ నడిచాడు. అగ్నిహోత్రం దాటాడు. పందిరి దాటాడు. బాజాభజంత్రీలవాళ్ళు కాస్త దూరం వెంట వచ్చి, ఊపిరి అందక ఆగిపోయారు. అంతకుముందే పంతులుగారు కేకలేశారు గానీ మేళం హోరులో అవెవరికీ వినబడలేదు. గవరయ్య సైకిలెక్కి వెనకాలే వచ్చి, ఆగమని చెప్పబోయాడు. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. "ఉమ్, ఉమ్" అన్నాడు. శుభమంటున్నాడనుకున్నాడు సింహాచలం.

ఊరు అయిపోయింది, చేలు వచ్చాయి, చింతతోపులో కొత్తచిగురు గాలికి ఊగుతోంది. వాడు అలాగే చూస్తూ అలాగే నడుస్తున్నాడు.

ఎన్ని అడుగులకి ఆగాలో నీలవేణికి తెలుసు. చెప్పలేదు.